కోళ్లగంపకు లేసు ముసుగు

పోయిన వేసవిలో మా ఇంట్లోకి రెండు కొత్తవి వచ్చాయి. ఒకటి మా తోడికోడలు ఆశాజ్యోతి. రెండోది ఆ పిల్ల ఒక్కొక్క భాగం ఏరి కూర్చిన కంప్యూటర్. ఆ రెండిట్లో దేన్ని చూసి నాకు ఎక్కువ కుళ్ళు పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను. కుళ్ళు అన్నానని ముక్కు మీద వేలేసుకోకండి. మీకు తోడికోడలుంటే మీకే తెలుస్తుంది. లేకపోతే మీరు అదృష్టవంతులు.

మాది నరసాపురం. ఇంటి ముందు హాలే స్టూడియో. మా ఆయన ఆరోన్ పెళ్ళిళ్ళకు ఫోటోలు, వీడియో తీస్తారు. మరిది సుకుమార్ రెండో కెమెరా పట్టుకుంటాడు. స్టూడియో బోర్డు మీద కళ అనే నా పేరు లేదు గానీ, ప్రతి పెళ్ళికీ తీసిన వేల ఫోటోల్లోంచి ఆల్బమ్‌లోకి వెళ్ళేవి ఏరేది నేనే. సెలెక్షన్ అంటారు దాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం పాత కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళం. ఆయన ఒక్కో ఫోటో తిప్పేవారు. నేను "ఉంచండి", "తీసెయ్యండి" అనేదాన్ని. పెళ్ళికూతురి పెద్దత్త కళ్ళు మూసుకుని ఉన్నా సరే ఆ ఫోటో ఉండి తీరాలని, ఫలానా అల్లుణ్ణి ఫలానా మరదలి పక్కన పెడితే ఆల్బమ్ తిరిగి మన మొహానే కొడతారని నాకు తెలుసు. ఊళ్ళో ఎవరికి ఎవరితో పడదో నాకు తెలిసినంతగా మా పాస్టరుగారికి కూడా తెలియదు. మా ఆయనతో తీరుబడిగా నాలుగు మాటలాడుకోవడానికి నాకు దొరికే సమయం కూడా అదే.

ఆ పాత కంప్యూటర్ మాఘమాసం పెళ్ళిళ్ళతోనే చతికిలబడింది. కొత్త కెమెరాతో తీసిన వీడియో అందులో పెడితే బొమ్మ ఒక చోట, మాట ఒక చోట. దాంతో ఎడిటింగ్ పని ఊరవతల ఒకాయనకి ఇవ్వాల్సి వచ్చింది. ఆయన రేపు, ఎల్లుండి అంటూ, పెళ్ళికూతురు నీళ్ళోసుకున్నాక గానీ పెళ్ళి వీడియో ఇచ్చేవాడు కాదు. అడిగినవాళ్ళందరికీ సమాధానం చెప్పలేక మా ఆయన ఫోను తియ్యడం మానేశారు.

సరిగ్గా అప్పుడే కొత్తకోడలు నోరు విప్పింది.

ఆశది రాజమండ్రి. పెళ్ళికి ముందు అక్కడ ఓ స్టూడియోలో ఎడిటింగ్ చేసేది. ఆ రోజు అందరం భోజనాలకి కూర్చున్నాం. నేను వడ్డిస్తున్నాను.

"కంపెనీ కంప్యూటర్ కొంటే సగం డబ్బు పేరుకే పోద్దండి బావగారూ. విడి భాగాలు కొనుక్కుని మనమే బిగించుకుందాం," అంది.

"నీకు బిగించడం వచ్చా?" అన్నారు మా ఆయన.

"వచ్చండి. మా పాత స్టూడియోలో రెండు బిగించాను."

మా ఆయన చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. "ఏమేం కావాలంటావు?"

"మన బడ్జెట్ చిన్నది కాబట్టి ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో చూసుకోవాలండి. ముందు ప్రాసెసర్ మంచిది కావాలి. వీడియో పని కూడా లాగే రకం తీసుకుంటే గ్రాఫిక్స్ కార్డ్ ఇప్పుడే అక్కర్లేదు. ర్యామ్ పదహారు జీబీతో మొదలెట్టి పక్క స్లాటు ఖాళీగా ఉంచుదాం, సీజన్ అయ్యాక ఇంకో పదహారు పెట్టుకోవచ్చు. చేతిలో ఉన్న పెళ్ళి వేగంగా తెరుచుకునే ఎస్సెస్‌డీలో, అయిపోయిన పెళ్ళిళ్ళన్నీ మామూలు హార్డ్‌డిస్కులో. పవర్ సప్లై దగ్గర మాత్రం కక్కుర్తి పడకూడదండి, అది పోతే మిగతావాటిని కూడా పట్టుకుపోద్ది. ఇంక మానిటర్ రంగులు సరిగ్గా చూపించాలి. లేకపోతే ఇక్కడ చిలకపచ్చగా కనపడిన చీర ఆల్బమ్‌లో ముదురాకుపచ్చగా వస్తది."

"అదీ! అందుకే మన ఆల్బమ్‌లు ఎప్పుడూ నల్లగా వస్తున్నాయి!" అని మా ఆయన సుకుమార్ వీపు మీద ఒక్కటి చరిచారు. వాడు వాళ్ళావిణ్ణి చూసుకుని మురిసిపోయాడు.

కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది. కెమెరా కొన్నప్పుడు నన్నడిగారా? లైట్లు కొన్నప్పుడు అడిగారా? నేను గరిటె తీసి పులుసు గిన్నెకేసి ఠంగుమని కొట్టాను. ఎవరూ వినలేదు.

మా అత్తగారు జ్ఞానమ్మ ఇక ఉండబట్టలేక, "ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!" అంది. ఆ చెవులు ఎవరివో వేరే చెప్పాలా?

నేనూ ఊరుకోలేదు. మా అన్నయ్య కొడుకు యెహెజ్కేలు పాలకొల్లులో ఉంటాడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడని వాళ్ళ నాన్న అనుకుంటాడు గానీ, వాడు చేసేది రోజంతా కంప్యూటర్లో గేములాడటం. వాడికి ఫోన్ చేశాను.

"గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా ఎడిటింగేంటత్తా! జోకులా?" అన్నాడు.

చాలు. మర్నాడు టిఫిన్ల దగ్గర ఆ మాట అందరి ముందూ పెట్టాను. ఆశ చిన్నబుచ్చుకుంటుందని చూశాను. చిన్నబుచ్చుకోలేదు సరికదా, నవ్వింది.

"యెహెజ్కేలు చెప్పింది కూడా కరెక్టేనక్కా. గేములకైతే ముందు అదే కొనాలి. మనం కార్డు కొంటే మాత్రం మానిటర్ తగ్గించాలి. లేకపోతే ర్యామ్ తగ్గించాలి. ఏది తగ్గిద్దాం? మీరే చెప్పండి."

ఏది తగ్గించాలో నాకేం తెలుసు? ఆ పిల్ల పొగరుగా మాట్లాడినా బాగుండేది, రెండు కడిగేసేదాన్ని. ఎప్పుడూ ఆ నవ్వు, ఆ "అక్కా". దానికే నాకు ఒళ్ళు మండేది.

సామాన్లు కొనడానికి రాజమండ్రి బయల్దేరితే నేనూ వస్తానన్నాను. "నువ్వెందుకు ఈ ఎండలో?" అన్నారు మా ఆయన. ఎందుకో చెప్పేలాంటి కారణమైతే ఇంట్లోనే ఉండేదాన్ని.

షాపాయన మా ఆయన్ని పక్కన పెట్టి, ఆశతోనే మాట్లాడటం మొదలెట్టాడు. "మేడమ్ గారూ ఈ బోర్డు చూడండి, మేడమ్ గారూ ఇది నాలుగు స్లాట్లది" అంటూ. ఆశ అట్టపెట్టెలు తిప్పి వెనకాల రాసింది చదువుతూ, "ఇది వద్దండి, దీనికి వారంటీ తక్కువ" అంటోంది. ఆయన "ఆయ్, ఆయ్" అంటున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"అమ్మగారూ, మీరలా ఫ్యాన్ కింద కూర్చోండి. మజ్జిగ తెప్పించనా?"

ఆశ మేడమ్ గారు, నేను అమ్మగారు! నాకింకా నలభై నిండలేదు. ఎవరో ముసలమ్మని సాగనంపినట్టు నన్ను ఫ్యాన్ కింద కూర్చోబెట్టారు. ఆ మజ్జిగ తాగలేదు.

చివరికి క్యాబినెట్ దగ్గరికొచ్చారు. అంటే ఆ సామానంతా లోపల పెట్టుకునే డబ్బా. అక్కడ అద్దాల తలుపుతో, లోపల రంగురంగుల లైట్లతో ఒకటి మెరిసిపోతోంది. నేను లేచి వెళ్ళాను.

"ఇది తీసుకోండి. హాల్లో పెడితే వచ్చినవాళ్ళు చూస్తారు," అన్నాను.

"అది ముందంతా మూసేసి ఉందక్కా," అని ఆశ పక్కనున్న నల్ల డబ్బా చూపించింది. దాని ముందు భాగమంతా ఇనప జాలీ. "ఇదైతే గాలి బాగా ఆడుద్ది. మన ఎండలకి ఇదే మంచిది. ధర కూడా తక్కువే."

"కోళ్లగంపలా ఉంది."

షాపాయన పకపకా నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. "కోళ్లగంపే కానీ కళా, గుడ్లు పెడితే చాలదా?" అన్నారు. అలా కోళ్లగంపే కొన్నారు.

ఇంటికొచ్చాక భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి సామానంతా పేర్చింది ఆశ. ముట్టుకునే ముందు ప్రతిసారీ వెళ్ళి కిటికీ ఊచ పట్టుకుని వస్తోంది.

"అదేం మొక్కే?" అన్నాను.

"ఒంట్లో ఉండే కరెంటు పోవడానికక్కా. అది తగిలితే ఈ చిప్పులు పాడైపోతాయి."

మా ఆయన ఫోను లైటు వేసి పట్టుకుని, నడుం వంచి, ఆ పిల్ల ఎటు చెయ్యి పెడితే అటు వెలుగు చూపిస్తున్నారు. అంత శ్రద్ధగా వంగి ఏనాడైనా నా కాల్లో ముల్లు తీశారా? స్క్రూలన్నీ బిగించి స్విచ్ వేస్తే ఒక్కసారికే వెలిగింది. సుకుమార్ చప్పట్లు కొట్టాడు. సాయంత్రం పాస్టర్ ఆశీర్వాదం గారిని పిలిచి ప్రార్థన చేయించారు. ఆయన కళ్ళు తెరిచి, "ఎవరమ్మా ఇంత పని చేసింది?" అంటే మా అత్తగారు, "మా చిన్నకోడలండి," అంది. నా వైపు చూసి, "పెద్దమ్మాయీ, అయ్యగారికి టీ తెస్తావా?" అంది.

మర్నాడు అన్నాలయ్యాక చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళాను. నా కుర్చీలో ఆశ ఉంది. పక్కన మా ఆయన. ఆశ కీబోర్డు మీద టకటకా అంకెలు నొక్కుతుంటే ఫోటోల కింద చుక్కలు పడుతున్నాయి. ఒక చుక్క అంటే తీసెయ్యడం, ఐదు చుక్కలంటే ఉంచడం అట. నేను వారం పట్టించే పని.

మా ఆయన తల తిప్పి చూశారు. "నువ్వు కాసేపు నడుం వాల్చు కళా. ఇన్నాళ్ళూ కష్టపడ్డావుగా."

ప్రేమగానే అన్నారు. పుండు మీద కారం చల్లేవాళ్ళు కూడా ఒక్కోసారి ప్రేమగానే చల్లుతారు.

నడుం వాల్చలేదు నేను. లేసు సూది తీశాను.

నరసాపురంలో పుట్టిన ఆడదానికి ఏం తోచకపోతే చెయ్యి సూది మీదికే పోతుంది. మా ఇంట్లో టీవీకి లేసు, ఫ్రిజ్జుకి లేసు, మిక్సీకి లేసు, బైబిలుకి లేసు. ఆ కోళ్లగంప ఒక్కటే హాలు మధ్యలో దిగంబరంగా కూర్చుంది. తెల్ల దారంతో అనాసకాయ డిజైను వేసి, చుట్టూ గవ్వల్లా అంచు తిప్పి, పై నుంచి కింద దాకా పట్టేలా ముసుగు అల్లాను. జాలీ నల్లగా కనిపించకుండా, దుమ్ము పడకుండా, లోపల తెల్ల శాటిన్ లైనింగ్ వేసి కుట్టాను. వెనకాల వైర్లకి మాత్రం చీలిక వదిలాను. తొడిగి చూస్తే పెళ్ళికూతురిలా ఉంది.

మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. "ఇలాంటి పనితనం ఇప్పుడెవరికుందే! ఎగుమతి వాళ్ళు చూస్తే ఎత్తుకుపోతారు."

"బాగుంది కళా," అన్నారు మా ఆయన. ఆ సీజన్ మొత్తానికి ఆయన నోట్లోంచి నాకు వచ్చిన మెప్పు అదొక్కటే.

"చాలా బాగుందక్కా," అంది ఆశ. "కాకపోతే ముందు వైపు కొంచెం..."

"ముందు వైపే కదే అందమంతా!" అంది అత్తగారు.

ఎండలు ముదిరాయి. రోహిణీ కార్తె వచ్చేసరికి సిమెంటు గచ్చు మీద కాలు పెట్టలేకపోయాం. అప్పుడే మొగల్తూరు గణేష్‌బాబు గారి అమ్మాయి శ్రీదుర్గ పెళ్ళి ఒప్పుకున్నాం. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. పెళ్ళయిన నాలుగో నాడు మగపెళ్ళివారింట రిసెప్షన్. అక్కడ పెద్ద తెర మీద పెళ్ళి వీడియో వెయ్యాలని షరతు. అది బాగా కుదిరితే ఆ చెరువుల వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ మావే. కుదరకపోతే మా ఆయన మళ్ళీ ఫోను తియ్యడం మానేయాల్సిందే.

పెళ్ళి అయిపోయింది, ఆశ వీడియో కూర్చింది. తీరా పూర్తి వీడియో ఒకే ఫైలుగా బయటికి తీస్తుంటే సగంలో కంప్యూటర్ టక్కున ఆగిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆగింది. మూడోసారి మా ఆయన పక్కనే నిలబడి చూస్తుండగా తెర నల్లబడింది.

"నీ మాట నమ్మి ముక్కలు ముక్కలుగా కొనుక్కొచ్చాను," అన్నారాయన. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "ఏదో కంపెనీది కొనుంటే తీసుకెళ్ళి వాళ్ళ మొహాన పడేసేవాణ్ణి. ఇప్పుడు ఎవర్నడగాలి? నిన్నడగాలా? ఆదివారం ఆ తెర మీద ఏం వెయ్యమంటావు, నా మొహమా?"

"పవర్ సప్లై దగ్గర కక్కుర్తి పడకూడదని చెప్పింది కదరా, మరి ఇదేంటి?" అంది మా అత్తగారు.

ఆశ తల వంచుకుని నిలబడింది. "నాదే తప్పయ్యుంటదండి. రేపటికి ఎలాగైనా చేస్తాను," అంది. ఒకసారి ముసుగు వైపు చూసింది. ఒకసారి నా వైపు చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

నేనేం చేశానంటే, వంటింట్లోకి వెళ్ళి చిక్కగా కాఫీ కలుపుకుని, స్టూలు మీద కూర్చుని, చప్పరించి చప్పరించి తాగాను. కడుపు చల్లబడడమంటే అదే.

శనివారం మధ్యాహ్నం మగవాళ్ళిద్దరూ వేరే పెళ్ళికి వెళ్ళారు. మా అత్తగారు చర్చిలో స్త్రీల సమాజానికి వెళ్ళింది. నేను లోపలి గదిలో కునుకు తీస్తుంటే దాహమేసి లేచాను. హాల్లోకి వచ్చేసరికి, నా లేసు ముసుగు నలగకుండా నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంది. కోళ్లగంప జాలీ తెరుచుకుని హోరుమంటోంది. తెర మీద వీడియో ఎంతవరకు వచ్చిందో చూపించే గీత, సగం దాటి, ముప్పాతిక దగ్గర నడుస్తోంది. ఆశ విసనకర్ర పట్టుకుని దానికి విసురుతోంది.

నా అడుగు విని ఉలిక్కిపడి లేచింది. గబగబా ముసుగు తీసి తొడగబోయింది.

"ఉంచు," అన్నాను. వెళ్ళి ఆ డబ్బా మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా ఉంది. నిన్న ఆగిపోయినప్పుడు ముసుగు మీంచి తగిలితే పెనంలా కాలింది. నేనే చూశాను.

"ముసుగు తీస్తే ఆగట్లేదా?"

"ఆగట్లేదక్కా."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మీరు తొడిగిన రోజే అనుకున్నాను. ఇది జాలీలోంచే గాలి పీల్చుకుంటది. మీరూ, అత్తయ్యగారూ లేనప్పుడు తీసేసి చేసుకునేదాన్ని. మొన్నటిదాకా చిన్న పనులు కాబట్టి నడిచిపోయింది."

"మరి నిన్న మీ బావగారు అన్నేసి మాటలంటుంటే నోరు పడిపోయిందా?"

"అంత కష్టపడి అల్లారు కదక్కా. అందరి ముందూ దీనివల్లే అని ఎలా అనేది?"

దానికన్నా చెంప మీద ఒకటి కొట్టినా ఓర్చుకునేదాన్ని. అంటే నిన్న నేను ఆనందంగా తాగిన కాఫీ ఈ పిల్ల పెట్టిన భిక్షన్నమాట!

"ఓహో! తిట్లు తిని దేవతవైపోదామనుకున్నావా? నేను రాక్షసిని, నువ్వు ఓర్చుకునే పుణ్యాత్మురాలివి. చర్చిలో సాక్ష్యం కూడా చెప్తావా?"

ఆశ పెదవి అదిరింది. ఏడుస్తుందనుకున్నాను. విసనకర్ర బల్ల మీద విసిరికొట్టింది.

"అవునక్కా. మంచిదాన్ననిపించుకుందామనే! ఇంకేం చెయ్యమంటారు? ఈ ఇంట్లో ఏ ఫోటో తెరిచినా బావగారిది ఒకటే మాట. ఈవిడెవరండీ అంటే కళనడుగు. ఇది పెద్ద సైజు వెయ్యనా అంటే కళనడుగు. రంగులు దిద్ది, పాట కలిపి, కళ్ళు పోయేలా చేసి చూపిస్తే, బాగుందమ్మా, ఒకసారి కళకి చూపించు. రోజూ ఇదే! నాకెంత కుళ్ళుగా ఉంటదో మీకు తెలుసా?"

"మరి ఒక్కసారన్నా నన్నడిగావా?"

"అడగలేదు. అడగబుద్ధి కాలేదు."

ఇద్దరం రొప్పుతున్నాం. నిజం చెప్పొద్దూ, కుళ్ళు అనే మాట ఆ పిల్ల నోట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఆ ఇంట్లో నాకు అర్థమయ్యే మనిషి ఒకరు కనిపించారు. మా ఆయన మీద మాత్రం మండిపోయింది. ఆ మాట నా మొహాన ఒక్కసారి అని చావచ్చుగా!

నీళ్ళు తాగి వచ్చి, ఆశ పక్కన నిలబడి తెర మీద వీడియో చూశాను. బాగుంది. పాడు కుళ్ళుకి కూడా బాగుందనే అనిపించింది. పెళ్ళికూతురు గంపలో కూర్చుని మండపానికి వస్తోంది. వచ్చేసింది. అంతే.

"ఆ గంప మోసినాయనేడి?"

"ఎవరు, ఆ తువ్వాలాయనా? కెమెరా ఊగిపోయిందక్కా అక్కడ. పైగా ఆయన ఒకటే ఏడుపు, మొహమంతా తువ్వాలు. అందుకే ఆ ముక్కలన్నీ కోసేశాను."

ఆయన వెంకన్న. పెళ్ళికూతురి మేనమామ. చెరువు గట్టు దగ్గర గొడవొచ్చి గణేష్‌బాబుకీ, ఆయనకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. వెంకన్న భార్య సుబ్బాయమ్మ, మా అత్తగారూ ఒకే చోట లేసు పని తీసుకుంటారు కాబట్టి నాకు అంతా తెలుసు. మేనకోడల్ని గంపలో ఎత్తి తేవాల్సింది మేనమామే కనక, ఆ పిల్ల కోసం మనసు చంపుకుని వచ్చాడాయన. రేపు అంతమంది ముందు ఆ తెర మీద ఆయన లేకపోతే, గణేష్‌బాబే కోయించాడనుకుంటారు. మాటల్లేకపోవడంతో ఆగదది.

ఒక్క క్షణం నోరు మూసుకుందామా అనిపించింది. నేనేమీ చెయ్యక్కర్లేదు. చూడనట్టు వెళ్ళి పడుకుంటే చాలు. రేపు గొడవవుతుంది, ఆశని కంప్యూటర్ దగ్గర్నుంచి లేపేస్తారు, నా కుర్చీ నాకొస్తుంది.

"ఆ కోసేసిన ముక్క ఉందా? పెట్టు చూద్దాం," అన్నాను.

పెట్టింది. బొమ్మ ఊగుతోంది, నిజమే. వెంకన్న గంప ఒక వైపు పట్టుకున్నాడు. రెండు చేతులూ గంపకే ఉన్నాయి. భుజం మీది తువ్వాలుకి మొహం రుద్దుకుంటున్నాడు గానీ కళ్ళు ఆగడంలేదు. గంపలోంచి శ్రీదుర్గ వంగి, తన పట్టుచీర కొంగుతో మేనమామ కళ్ళు తుడిచింది. తుడిచి, ఆ కొంగు అక్కడే ఆయన బుగ్గ మీద ఉంచేసింది.

ఆశ ఆ ముక్కని వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది.

"ఇది పెట్టు," అన్నాను. "మొత్తం పెట్టు. ఊగినా సరే." వెంకన్న ఎవరో, కథేంటో చెప్పాను.

"అమ్మో!" అని ఆశ తల పట్టుకుంది. "మళ్ళీ మొదట్నుంచి తియ్యాలక్కా."

"తియ్యి. ఆ విసనకర్ర ఇలా ఇవ్వు."

రాత్రి భోజనాల ముందు అందరం కూర్చుని చూశాం. కొంగు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన ముందుకు వంగారు. "ఇది నేనే తీసి నేనే మర్చిపోయాను. ఎంత బాగా పెట్టావమ్మా ఆశా!"

"అక్క పెట్టించిందండి," అంది.

ఆ మాట కూడా ఆ పిల్లే చెప్పాలా! నన్ను చెప్పనియ్యచ్చుగా!

"అది సరే, ఇవాళ ఆగలేదేంటి? ఏం బాగుచేశావు?"

ఆశ ఒకసారి నా వైపు చూసింది. ఈసారి ఆ చూపు నాకు బాగానే అర్థమయింది.

"ఏదో వైరు లూజయిందండి బావగారూ," అంది.

"వైరూ లేదు, గియిరూ లేదు," అన్నాను నేను. "నేను కుట్టిన ముసుగు. దానికి గాలాడక ఆగిపోయింది. ఈవిడగారికి మొదటి రోజే తెలుసు. నా మొహం చూసి చెప్పలేదట. నిన్న తిట్లన్నీ ఉత్త పుణ్యానికి తింది."

ఎందుకు చెప్పానంటారా? నాకేదో జ్ఞానోదయమైందనుకోకండి. మంచితనమంతా ఆ పిల్ల ఒక్కతే మూటగట్టుకుపోతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు.

మా ఆయన మొహం ఎర్రబడింది. "నిన్న నోరు జారానమ్మా," అన్నారు ఆశతో. మా అత్తగారు మాత్రం, "అంత అందంగా కుడితే గాలాడకపోవడమేంటే? దానిదే తప్పు," అని కంప్యూటర్ని కోప్పడింది.

రిసెప్షనయిన మర్నాడు గణేష్‌బాబు గారి ఫోను. మా ఆయన స్పీకర్లో పెట్టారు. "ఆ గంప ముక్క ఒక్కటీ విడిగా పంపుతారాండి? మా బావమరిది అడుగుతున్నాడు. ఆయ్, ఇక్కడే, నా పక్కనే ఉన్నాడండి. మాట్లాడరా వెంకన్నా." అవతల వెంకన్న ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. "పంపిస్తామండి," అన్నారు మా ఆయన. ఫోను పెట్టేసి, "ఆశా, పంపెయ్యమ్మా," అన్నారు. నా వైపు తిరిగి, "ఇంకో కుర్చీ లోపల్నుంచి తెచ్చుకో కళా. శనివారం పెళ్ళి ఫోటోలు ఏరాలి," అన్నారు.

వెంటనే వెళ్ళలేదు. అంత తేలిగ్గా వెళ్తానా? ముసుగు తీసి ఒళ్ళో పెట్టుకుని, శాటిన్ గుడ్డ విడదీసి, అంచు దగ్గర ముడి విప్పి దారం లాగడం మొదలెట్టాను. అనాసకాయలు ఒకదాని తర్వాత ఒకటి కరిగిపోతున్నాయి. ఇంత దారం చిక్కు పడకుండా చుట్టాలంటే ఇంకో మనిషి కావాలి. పిలవకుండానే ఆశ వచ్చి కింద కూర్చుంది, దారం కొస అందుకుంది.

"దీంతో ఏం అల్లుతారక్కా?"

"కీబోర్డుకి."

"దానికి గాలి అక్కర్లేదులెండి," అంది, నవ్వు ఆపుకుంటూ.

నేను లాగుతున్నాను, అది చుడుతోంది. నేను లాగినంత వేగంగానూ చుట్టేస్తోంది. ఇంకాస్త గట్టిగా లాగాను. అయినా దారం దాని చేతిలోనే ముందుంటోంది. చుట్టడంలో కూడా నాకంటే చురుకే, పాడుపిల్ల!